వంకీ ఎంతవరకు?

వంకీల జుట్టును మందుతో తిన్నగా చేయవచ్చునా అని అడిగినచో చేయవచ్చునని ఎవరైనను చెప్పగలరు. ఎంతవరకు చేయవలెనన్న చోటనే మనసు నిలువదు. టొరంటో నగరమున, వేసవిలో సరస్సు మీది చెమ్మగాలికి పొంగి, శీతకాలమున ఫర్నేసు వదలు పొడిగాలికి పెళుసుబారి, ఋతువున కొక రూపము ధరించు కేశభారమును మోయుచున్న నావంటి స్త్రీకి, కుటిలకుంతలములను వర్ణించి వర్ణించి అలయని మన ప్రబంధకవులలో ఒక్కడైనను వాటి చిక్కు తీసియుండునా అను సందేహము కలుగుట సహజమే.

శిరోజమునకు ఆకృతినిచ్చునవి కెరాటిన్ అను ప్రోటీన్ తంతువుల నడుమనుండు గంధక బంధములు. రిలాక్సరు అను మందులోని సోడియం హైడ్రాక్సైడు వంటి తీక్ష్ణక్షారము వాటిని తెంచి శాశ్వతముగా మార్చివేయును. థయోగ్లైకొలేట్ పద్ధతిలోనైతే, తెగిన బంధములను, జుట్టును తిన్నగా దువ్విన పిదప, హైడ్రోజన్ పెరాక్సైడుతో క్రొత్త తావులలో మరల కూర్తురు. (ఈ రెండు మందులు ఒకే వెండ్రుకపై పడరాదు, పడినచో జుట్టు తెగి చేతికి వచ్చును.) మందు బలమును, అది తలపై నిలుచు నిమిషములను బట్టి వంకీ కొంత సడలుటయో, పూర్తిగా నశించుటయో జరుగును. సడలింపు చాలనిచో వేడి పలకలతో ఆ పూటకు సర్దుకొనవచ్చును. మితి మీరినచో కత్తెరయే శరణ్యము. అంతకన్న ముఖ్యమైన సంగతి, కుదురు మందును ఎరుగదు. నెలకొక సెంటీమీటరు పైచిలుకు చొప్పున అది తన పుట్టువంకీనే పెంచుకొనుచు వచ్చును గనుక, చివరలను ఎంత నిటారుగా చేయించుకొందుమో పాతక్రొత్తల సరిహద్దు అంత ప్రస్ఫుటమగును. వెండ్రుక సాధారణముగా విరుగునదియు అచ్చటనే. సగము సడలించిన తలపై ఈ భేదము అంతగా కనబడదు. ఈ ఒక్క కారణముచేతనే నేను సగము పక్షమున నిలిచితిని.

ఎంత అనుదానిలో ఎవరి కొరకు అనునదియు దాగియున్నది. 2018లో వెలువడిన కెనడా పది డాలర్ల నోటుపైనున్న వయోలా డెస్మండ్ కేశాలంకరణ వృత్తి చేసిన స్త్రీ యని మనవారిలో ఎందరు గమనించిరో! హాలిఫాక్సు పాఠశాలలు నల్లజాతి స్త్రీలను చేర్చుకొననందున మాంట్రియల్ పోయి విద్య నేర్చి, తిరిగివచ్చి తనవారి కొరకు సెలూనును, పిదప పాఠశాలను నెలకొల్పినది. 1946 నవంబరులో వ్యాపారపు పనిమీద పోవుచు, కారు చెడి న్యూ గ్లాస్గోలో ఆగి, సినిమాకు వెళ్లి, తెల్లజాతివారి ఆసనము విడువనందున ఈడ్వబడి, రాత్రి చెరలో గడిపి, ఒక్క సెంటు పన్ను ఎగవేసినదన్న నేరముపై జరిమానా చెల్లించినది. అట్టి సమాజమున జుట్టును తిన్నగా చేసికొనుట కేవలము అలంకారము కాజాలదు. మనకంతటి నిర్బంధము లేదు. ఉన్నవెల్ల పెండ్లిచూపులలో పెద్దల వ్యాఖ్యలు, వీడియో కాల్‌లో మేనత్త నిట్టూర్పులు.

‘కెరాటిన్ ట్రీట్‌మెంటు’ అను మృదునామము విని మోసపోవలదు. ఫార్మాల్డిహైడు లేదని చెప్పుకొన్న బ్రెజిలియన్ బ్లోఅవుట్ ద్రావణములో, పరిమితి 0.2 శాతమే కాగా, 8.4 శాతమున్నదని 2010లో హెల్త్ కెనడా కనుగొన్నది. 2022లో ముప్పదిమూడు వేలకు పైబడిన అమెరికా స్త్రీలపై వెలువడిన అధ్యయనమున, డెబ్బది ఏండ్ల లోపల గర్భాశయ క్యాన్సరు వచ్చు అవకాశము స్ట్రెయిటెనింగు ఎన్నడును చేయించుకొననివారికి 1.64 శాతము, ఏడాదికి నాలుగుమార్లకు మించి చేయించుకొన్నవారికి 4.05 శాతముగా అంచనా కట్టిరి. అది కారణమని రుజువు కాలేదు, సంబంధము మాత్రమే కనబడినది. అయినను ఎంత అనుదానితోపాటు ఎన్నిమార్లు అనుదానిని గూడ లెక్కింపుమని నాకు నచ్చజెప్పుటకు అది చాలినది.

కాబట్టి ముంగురులను, నడినెత్తిని సగము సడలింపుమనియు, మెడమీది జుట్టును ముట్టవలదనియు సెలూనులో పనిచేయు స్త్రీకి చెప్పితిని. ఆమె తొలుత చెవి వెనుక పాయ నొకదానిపై మందు పరీక్షించినది. తడిసిన వెండ్రుక రబ్బరువలె సాగినచో ఆనాటికి పని మానవలెనట. సాగలేదు. మరల వేసవి గడచిన పిమ్మట రమ్మనియు, అప్పుడును మందు కుదుళ్లకే గాని ఒకమారు సోకిన చివరలకు పూయననియు ముందే చెప్పివేసినది.