చార్టు చదివే పనితనం

విజయనగరంలో ఇంటి ముందు గదిలో కంప్యూటరు పెట్టుకుని షేర్ల చార్టులు శ్రద్ధగా చదివేవారంటే నాకు గౌరవం. 9:15కి మార్కెట్ తెరిచేసరికే వాళ్లు నెలల చార్టు, వారాల చార్టు చూసి, ఆ తర్వాతే రోజు చార్టుకు వస్తారు. మౌస్ వీల్ తిప్పితే పదేళ్లు ఒకే తెరలో ఇముడుతాయి. వెనక్కి తిప్పితే కొద్ది రోజుల కదలిక విడిగా కనిపిస్తుంది. చార్టులో ఒక్కో కాల వ్యవధిని చూపే కడ్డీని క్యాండిల్ అంటారు; ఒక్కో క్యాండిల్‌లో నాలుగు ధరలు: మొదటిది, చివరిది, గరిష్ఠం, కనిష్ఠం. ఈ పద్ధతి జపాన్ బియ్యం వర్తకుల దగ్గర పుట్టిందంటారు.

అసలు నేర్పు అనుమానించడంలో ఉంది. 2024 అక్టోబరులో రిలయన్స్ ఒక షేరుకు మరో షేరు బోనస్‌గా ఇచ్చినప్పుడు షేరు ధర దాదాపు సగమైంది. సర్దుబాటు చేయని చార్టులో అది కుప్పకూలినట్టే ఉంటుంది. పని తెలిసినవాడు ధర పోకడ చూపే గీత గీసే ముందు ఆ సంగతి ఆరా తీస్తాడు, కింద వాల్యూమ్ (ఎన్ని షేర్లు చేతులు మారాయో) చూస్తాడు, గీత తప్పని తేలితే మొహమాటం లేకుండా చెరిపేస్తాడు. ఆ చెరిపే ధైర్యమే నాకు అన్నిటికన్నా ఇష్టం.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, 2021-22 నుంచి మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ తేల్చింది. తమ్ముళ్లూ, పైసా పెట్టకుండా ముందు కొన్నాళ్లు చార్టు చూడటం నేర్చుకోండి.