అతిథి ముందు డప్పు

ముదినేపల్లి నుంచి గుడివాడ, పామర్రు మీదుగా దివిసీమ వైపు పోయే దారిలో కూచిపూడి తగులుతుంది. కృష్ణా డెల్టా సంస్కృతి చూడవచ్చిన యాత్రికుణ్ణి ముందు అక్కడికే తీసుకుపోతారు. సిద్ధేంద్రయోగి, భామాకలాపం, తానీషా ఇచ్చిన అగ్రహారం - కథ సిద్ధంగా ఉంటుంది. ఆ మేళంలోకి ఆడవాళ్లని రానివ్వని సంగతి, తమ పద్ధతిలో భామాకలాపం ఆడిన కళావంతుల స్త్రీల ఆటని 1947, 1956 చట్టాలు మాన్పించిన సంగతి ఎవరో తవ్వితే తప్ప బయటికి రావు. 2016 డిసెంబరులో విజయవాడలో ఆరు వేల మందికి పైగా ఒకేసారి కూచిపూడి ఆడి గిన్నిస్‌కెక్కారు. ఊరి పేరు లోకానికి తెలిసింది. అయితే తెలిసింది ఒక వీధి.

మరి మాదిగపల్లె? డప్పుకీ చోటిచ్చారు, గుమ్మం దగ్గర. ఉత్సవమైనా, మంత్రిగారొచ్చినా ముందు డప్పులు మోగాలి. ఒకే రంగు తలపాగాలు, కాళ్లకి గజ్జెలు, పది నిమిషాలు. అతిథి లోపలికి పోతాడు. అసలు కార్యక్రమం లోపల! జానపద కళ అనేశారు గదా, ఇంక కులం మాటెత్తకూడదు.

ఊళ్లో డప్పు కళగా బతకలేదు, చాకిరీగా బతికింది. చావుకి కొట్టాలి, జాతరకి కొట్టాలి, చాటింపు వెయ్యాలి. రానంటే ఊరు ఊరుకోదు. తోలు నానబెట్టి, గీకి, పలకకి బిగించి, మంట మీద కాచే పనంతా వాడదే. వేదిక మీదికి శబ్దం ఒక్కటే వస్తుంది. ఫైబరు పొర డప్పయితే మంట కూడా అక్కర్లేదు. చావుకి కొట్టం పొమ్మని ఎదురుతిరిగిన పల్లెలున్నాయి, అదీ డప్పు చరిత్రే. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన ఉద్యమం దండోరా అనే పేరునే జెండాగా ఎత్తుకుంది. ఊరి కోసం కాక తమ కోసం కొట్టుకున్న డప్పది. యాత్రికుడికి ఇవేవీ వినపడవు.

హైదరాబాదు శిల్పారామంలో పల్లె మ్యూజియం ఉంది. మట్టి గోడలు, చేతిపనివాళ్ల బొమ్మలు, ఎంతో ముచ్చటగా ఉంటుంది. ఊరికీ వాడకీ మధ్య మనం నడిచే దూరం మాత్రం అందులో కనపడదు.

ప్రదర్శన డబ్బులు వద్దనడం మన పని కాదు. పనుల్లేని నెలల్లో ఒక పూట కొట్టుడుకొచ్చే కూలి విలువ వాడకి తెలుసు. అయితే మైకు ఎవరి చేతిలో ఉంది? కొట్టేది ఒకరు, దాని గురించి చెప్పేది ఇంకొకరు. చావు దరువుకి అతిథులు చప్పట్లు కొడుతుంటే, అది ఏ దరువో, తమ పల్లెలో దాన్ని ఎందుకు మానేశారో చెప్పే హక్కయినా కొట్టినవాడికి ఉండొద్దా?