పోతన ముద్రాక్షరములు: తలకట్టు విచారము

తెలుఁగు ముద్రాక్షరములను విమర్శించువారు తఱచుగా వానిని అందమైనవనియు, అందము లేనివనియు విభజించి యూరకుందురు. అక్షరము చదువుటకై పుట్టినది. కావున ఏ రేఖ యే యర్థభేదమును దెలుపుచున్నదో విచారించిన పిదపఁగాని సౌందర్యవిచారము తగదు. ఈ దృష్టితోఁ దిరుమల కృష్ణదేశికాచార్యులుగారు కంప్యూటరుల కొఱకు నిర్మించిన పోతన ముద్రాక్షరములను బరిశీలింతము. వారే నిర్మించిన వేమన దీనికి జోడు. పోతనయందు లావురేఖయు సన్నరేఖయుఁ గలిసి సీసపుటచ్చుల పోలిక నిలిచినది. వేమనయందు రేఖ యంతటను సమముగా నుండును.

రోమను లిపిలోఁ బ్రాఁతపద్ధతి యక్షరముల కొనలయందుఁ జిన్న యడ్డుగీఁతలుండును. వానిని దీసివేసినను అక్షరము మాఱదు. మన తలకట్టును నట్టి యలంకారమే యని కొందఱందురు. ఇది యసంగతము. 'క'కు గుడి నిచ్చునపుడు తలకట్టు తొలఁగి, యాచోట గుడి నిలిచి 'కి' యగును. కొమ్ము నిచ్చునపుడు తలకట్టు నిలిచియే 'కు' అగును. ఆదేశము శత్రువువలెను, ఆగమము మిత్రునివలెను వచ్చునని వ్యాకరణము చదువు బాలురకుఁ జెప్పుదురు గదా! ఇచటఁ దలకట్టు స్థాని, గుడి యాదేశము, కొమ్ము ఆగమము. జ, ట, బ, ల మొదలగువానికిఁ దలకట్టు లేకుండుట యీ వాదమునకు బాధకము గాదు. ఉన్నచోట దాని పని యిది యనియే మా పక్షము.

మా చిలకలూరిపేట ప్రత్తి వర్తకమునుండియే యుదాహరణము గైకొందము. "ప్రత్తిని గొన వచ్చెను" అన్నచోఁ బేరము కాలేదు. "ప్రత్తిని గొని వచ్చెను" అన్నచో సరకు చేతికి వచ్చినది. మొదటిది తుమర్థకము, రెండవది క్త్వార్థకము. ఈ రెంటికిని నడుమ నున్నది తలకట్టును గుడియు మాత్రమే. పోతనయందు లావుసన్నముల భేదముచేఁ దలకట్టు వేఱుగను, గుడి వేఱుగను గంటికిఁ దోఁచును. చిన్న యక్షరములలో సమరేఖకు ఈ సాయము లేదు.

తాటియాకుపై గంటముతో వ్రాసిన రేఖ సమముగనే యుండును గాన, వేమన పద్ధతియే ప్రాచీన మని యాక్షేపింపవచ్చును. నిజమే. లావుసన్నములు కలమువలనను అచ్చువలనను బలపడినవి. కాని ప్రాచీనత వేఱు, స్పష్టత వేఱు. మేము పోతనను మెచ్చుట రెండవదానికై.

దోషమును జెప్పక విడువరాదు. గరుకు కాగితముపై నక్షరము మిక్కిలి చిన్నదైనచో సన్నరేఖలు తెగును. దూరమునుండి చదువవలసిన యంగడి పలకలకును, శీర్షికలకును సమరేఖయే మేలు. పురాణములు, కావ్యములు, నిఘంటువులు మున్నగు గ్రంథముల మూలమునకుఁ బోతన తగును.

వ్యాకరణగ్రంథములఁ బ్రకటించువా రింకొకటి గమనింపవలెను. యూనికోడునందు దంత్య చజలు 2008లోను, నకారపొల్లు 2021లోను జేరినవి. ద్రుతమును జూపుటకుఁ బూర్వులు వాడిన యా పొల్లు తాము గైకొను ముద్రాక్షరములలోఁ గలదో లేదో ముందుగాఁ బరీక్షింపవలెను. చూపునకు నచ్చిన యక్షరము సూత్రమును జూపలేనిచో నా గ్రంథమున కది తగదు.