ఊరుమ్మడి డేటా

ఆబ్జెక్టులు ఎన్ని పుట్టినా క్లాస్ మొత్తానికి ఒక్కటే ఉండే డేటాను స్టాటిక్ అంటాం. రివ్యూకి వచ్చిన ఏ కోడ్‌లోనైనా నేను ముందు వెతికేది దాన్నే. ఆబ్జెక్టుకైతే కన్‌స్ట్రక్టర్ ఉంది. ఎవరు పిలిచారో, ఎక్కడ పిలిచారో కళ్లెదుటే ఉంటుంది. ఊరుమ్మడి సొత్తుకు ఆ పూచీ ఎవరిదీ కాదు. అది ఎప్పుడు నిండుతుందో రాసినవాళ్లను అడిగినా చాలాసార్లు జవాబు రాదు.

జావా సంగతే చూడండి. క్లాస్‌లో మొదటి లైనులో ఆ క్లాస్‌దే ఒక స్టాటిక్ ఆబ్జెక్టును సృష్టించి, రెండో లైనులో లిమిట్ అనే స్టాటిక్ అంకెకు 100 ఇచ్చారనుకోండి. కన్‌స్ట్రక్టర్ లోపల ఆ లిమిట్‌ను చదివితే వచ్చేది 0. రాసిన వరసలోనే పైనుంచి కిందికి నింపుకుంటూ పోతుంది కాబట్టి, అప్పటికి 100 ఇంకా పడలేదు. లైన్లు అటూ ఇటూ మారిస్తే చాలు. లిమిట్‌ను ఫైనల్ చేసినా సరే, కంపైల్ అయ్యేటప్పుడే విలువ ఖాయమైపోతుంది.

ఇంతకంటే ఏడిపించేది స్టాటిక్ బ్లాక్‌లో ఫైల్ చదవడం, డేటాబేస్ కనెక్షన్ తెరవడం. ఆ ఫైల్ దొరకలేదంటే మొదటిసారి వచ్చేది ఎక్సెప్షన్ ఇన్ ఇనిషియలైజర్ ఎర్రర్. అసలు కారణం అందులోనే ఉంటుంది. ఆ తర్వాత అదే క్లాస్‌ను ఎవరు ముట్టుకున్నా నో క్లాస్ డెఫ్ ఫౌండ్ ఎర్రర్ అంటుంది. జేవీఎం మళ్లీ ప్రయత్నించదు. క్లాస్ జార్‌లో భద్రంగానే ఉంటుంది. పాపం, జూనియర్లు అది లేదనుకుని అర్ధరాత్రిదాకా క్లాస్‌పాత్ తవ్వుతూ కూర్చుంటారు. లాగ్‌లో ఆ మొదటి ఎర్రర్ దాకా వెనక్కి వెళ్లమని వాళ్లకు ముందే ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

సి ప్లస్ ప్లస్‌లో చిక్కు వేరు. రెండు ఫైళ్లలోని గ్లోబల్, స్టాటిక్ ఆబ్జెక్టుల్లో ఏది ముందు తయారవుతుందో మామూలుగా భాష హామీ ఇవ్వదు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు అలాంటిదాన్ని ఒక ఫంక్షన్ లోపల దాస్తారు. అమలు మొదటిసారి ఆ లైను దాకా వచ్చినప్పుడే అది తయారవుతుంది. 2011 ప్రమాణం నుంచి, ఒకేసారి పది థ్రెడ్లు వచ్చిపడినా ఒక్కసారే తయారవుతుందన్న హామీ కూడా దొరికింది.

నా అభిప్రాయం ఒక్కటే: స్టాటిక్‌లో ఉండాల్సినవి స్థిరాంకాలు, నింపేటప్పుడు విఫలమయ్యే అవకాశం లేని చిన్న పట్టికలు. ఫైళ్లు, కనెక్షన్లు, నెట్‌వర్క్ పనులు పేరున్న ఒక ఫంక్షన్‌లో పెట్టి, ప్రోగ్రామ్ మొదట్లోనే మీ చేత్తో పిలవండి.