బటన్ నొక్కింది అమ్మ, ఫొటో తీసింది కొడుకు

1904లో పారిస్‌లో తీసిన ఫొటో ఒకటుంది. స్నానాల తొట్టిలో మెడదాకా నీళ్లలో ఒక పిల్లవాడు, అతని ముందు నీటి మీద ప్రొపెల్లర్ బొమ్మ పడవ. కెమెరా నీటిమట్టానికి దించి తీయడంతో ఆ బొమ్మ నిజం పడవలా కనిపిస్తుంది. పిల్లవాడి పేరు జాక్ ఆన్రీ లార్తీగ్, తర్వాత పేరుపొందిన ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్. కెమెరాను తేలే చెక్క మీద పెట్టాలన్న ఆలోచన అతనిదే. తాను నీళ్లలో ఉన్నాడు గనుక బటన్ నొక్కే పని అమ్మకు అప్పగించాడు. కెమెరా నీళ్ల మీద తేలుతుంటే ఏ తల్లికైనా గుండె జారుతుంది. ఆవిడ మాత్రం కొడుకు చెప్పినట్టే చేసింది.

పిల్లల ఫొటోగ్రఫీలో పెద్దల పాత్ర ఏమిటని ఎవరైనా అడిగితే నేను ముందు ఈ ఫొటోనే చూపిస్తాను. ఆమె చెయ్యి అందించింది, చూపు మాత్రం పిల్లవాడికే వదిలేసింది.

లార్తీగ్ 1894లో పుట్టాడు. కెమెరా లేని రోజుల్లో కళ్లు చటుక్కున మూసి తెరుస్తూ, చూసినదాన్ని అలా పట్టేసుకున్నానని అనుకునేవాడట. ఫొటోల మీద మోజున్న తండ్రి 1902లో అతనికి సొంత కెమెరా ఇచ్చాడు. బొమ్మ కెమెరా కాదు. 13×18 సెంటీమీటర్ల గాజు ప్లేట్లు పట్టే చెక్క కెమెరా, మూడుకాళ్ల స్టాండు. అంత ఎత్తు అందక పిల్లవాడు స్టూలెక్కాల్సి వచ్చేది.

అలాంటి కెమెరాతో పని నిదానంగా సాగుతుంది. నల్లగుడ్డ కప్పుకుని వెనకనున్న గరుకు అద్దంలో చూస్తే లోకం తలకిందులుగా కనిపిస్తుంది. ఫోకస్ కుదిరాక ప్లేటు దూర్చాలి, ఎంత వెలుగుందో అంచనా వేయాలి, లెన్స్ మూత తీసి లెక్కపెట్టి మళ్లీ మూయాలి. ఆ తర్వాత చీకటి గదిలో, ఎర్రదీపం వెలుగులో, మందు నీళ్లలో బొమ్మ మెల్లగా తేలుతుంది. అన్నిటికన్నా ముందు ఏం కావాలో తేల్చుకోకపోతే ప్లేటు దండుగ. ఫోన్‌తో నిమిషంలో వంద తీసే పిల్లలకు దొరకనిది సరిగ్గా ఈ తేల్చుకోవడమే. అందుకే ఇంట్లో ఒక చిన్న ఆట పెట్టమంటాను: ఈ సాయంత్రానికి ఐదే ఫొటోలు, చెరపడం లేదు. మూడో ఫొటోకే పిల్లలు కిటికీ వెలుగు ఎటునుంచి పడుతోందో చూడటం మొదలుపెడతారు.

1905లో లార్తీగ్ తన గదిలోని బొమ్మ కార్లను ఫొటో తీశాడు. కెమెరా నేలమీద పెట్టాడు. ఆటలో అతని కళ్లుండే చోటు అదే మరి. మనం నిలబడి కిందికి చూసి తీస్తాం, పిల్లలనూ అలాగే తీయమంటాం. ‘సరిగ్గా పట్టుకో నాన్నా, తల తెగిపోతోంది’ అని సరిచేసిన ప్రతిసారీ పిల్లవాడి ఫొటో కాస్త మన ఫొటో అయిపోతుంది.

లార్తీగ్‌వాళ్లు కలిగినవాళ్లు, నిజమే. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ సంగతి వేరు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆ కుటుంబపు కలప వ్యాపారం అప్పటికే చితికిపోయింది. బడిలో ఏమాత్రం ఇమడని కొడుకును తండ్రి చార్లెస్ 1915లో బడి మాన్పించి, ఆ ఏడాది ఊళ్లో జరుగుతున్న అంతర్జాతీయ ప్రదర్శనకు పాస్ కొనిచ్చాడు. రోజూ వెళ్లి చూడటమే చదువు. ఆ ధైర్యానికి నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. మరుసటి ఏడు యోసెమిటీ యాత్రలో తల్లిదండ్రులు కోడక్ బ్రౌనీ పెట్టె కెమెరా చేతికిచ్చారు. హాఫ్‌డోమ్ కొండను తీద్దామని పిల్లవాడు పుచ్చిపోయిన చెట్టు మొద్దెక్కాడు. అది విరిగింది. పడుతూ పడుతూ బటన్ నొక్కేశాడు, కొండ తలకిందులుగా పడింది. పెద్ద ఫొటోగ్రాఫరయ్యాక కూడా ఆ ఫొటో అంటే అతనికి ఇష్టం. మన ఇళ్లలో అయితే అలాంటిది అదే రాత్రి ఫోన్‌లోంచి మాయమవుతుంది.

ఆ ఇల్లూ అన్నిటికీ తలూపిన ఇల్లు కాదు. పియానోను వృత్తిగా చేసుకోవాలన్న ఆలోచన వదిలి ఫొటోగ్రఫీయే వృత్తి చేసుకుంటానని 1930లో ఆడమ్స్ తేల్చినప్పుడు తల్లి, ఆమె తోబుట్టువు వద్దని బతిమాలారు. కెమెరా మనిషి ఆత్మను పలికించలేదన్నది వాళ్ల బాధ. దీనికి భిన్నంగా మన సికింద్రాబాద్‌లో ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ స్టూడియో పేరులోనే ‘అండ్ సన్స్’ చేరింది. అది తండ్రి వృత్తి కొడుకులకు దక్కడం. దానికీ గౌరవముంది. కానీ నేను చెబుతున్నది వృత్తి సంగతి కాదు, పిల్లల ఇష్టం సంగతి.

ఇష్టం నిలవాలంటే ఫొటోలు కంటికి ఆనాలి. లార్తీగ్ జీవితాంతం ఆల్బమ్‌లు కట్టాడు. 1963లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ప్రదర్శన పెట్టేనాటికి అతనికి 69 ఏళ్లు. గోడలకెక్కినవాటిలో చిన్ననాటి ఫొటోలున్నాయి. 1979లో తన ఫొటోల సంపదను ఫ్రాన్స్ ప్రభుత్వానికి రాసిచ్చాడు.

కాబట్టి నెలకు నాలుగు ఫొటోలైనా ప్రింట్ వేయించండి. ఏవి వేయించాలో పిల్లలనే ఎంచుకోనివ్వండి. ‘బాగుంది’ అని ఊరుకోకుండా ఇది ఎందుకు తీశావని అడగండి, చెప్పేదాకా ఆగండి. తేదీ, ఊరు, తీసిన కారణం ప్రింట్ వెనక వాళ్లచేతే రాయించండి. అక్షరదోషాలుంటే ఉండనివ్వండి.