మంచం కింద ఇద్దరు

కన్యాశుల్కం ఆడదలచుకున్న సమాజానికి ముందు కావలసింది మంచం. గిరీశానికి లోటేముంది, ప్రతి ఊళ్లోనూ ఒకడుంటాడు. మంచం మాత్రం వెతికి తెచ్చుకోవాలి. మరీ కిందికుంటే ఇద్దరు మగవాళ్లు దూరలేరు. మరీ ఎత్తయితే దాక్కున్నట్టుండదు. దుప్పటి ముందుకి ఎక్కువ వేలాడితే లోపలివాళ్ల మొహాలు ప్రేక్షకులకి కనబడవు. అసలు వేలాడకపోతే పైన ఉన్నవాళ్లకి వాళ్లు కనబడకపోవడం ఎవరూ నమ్మరు. ప్రథమాంకం రెండో స్థలంలో ఈ ఒక్క సామాను మీద గురజాడ ఎంత బరువు పెట్టాడో రిహార్సలు మొదలయ్యాక గాని తెలిసిరాదు.

వేశ్య మధురవాణి ఇంట్లో రామప్పంతులు బేరం మాట్లాడుతుంటాడు. గిరీశం అలికిడి వినబడగానే పంతులు మంచం కిందికి వెళతాడు. గిరీశం లోపలికొచ్చి దర్జా ఒలకబోస్తుండగా పూటకూళ్లమ్మ వస్తుంది. ఆవిడ డబ్బు మధురవాణి మీద ఖర్చుపెట్టిన ఘనుడు గనక గిరీశానికీ ఆ మంచమే దిక్కు. అక్కడ ఆ జాగా ముందే ఎవరో ఆక్రమించుకుని ఉన్నారు. చివరికి చీపురుకట్ట దెబ్బ రామప్పంతులికి తగులుతుంది, గిరీశం తప్పించుకుపోతాడు.

నాటకాల్లో దాక్కోవడం కొత్తేం కాదు. మోలియేర్ తన టార్టఫ్‌లో మొగుణ్ణి బల్ల కింద దాచాడు, షెరిడన్ స్కూల్ ఫర్ స్కాండల్‌లో పెళ్లాన్ని తెర వెనక దాచాడు. ఆ రెండుచోట్లా దాక్కున్న మనిషికి నిజం తెలుస్తుంది, కథ ఆ నిజం మీద నడుస్తుంది. గురజాడ అందుకు ఒప్పుకోలేదు. ఈ మంచం కింద ఎవరికీ జ్ఞానోదయం కాదు. ఒకే మనిషి ఇంటికి వచ్చిన ఇద్దరు బడాయికోరులు ఒకరి మోచెయ్యి ఒకరికి తగిలేంత దగ్గరగా ఇరుక్కుంటారు, అంతే. కాని ఆ ఇరుకులోంచి నాటకానికి కావలసినవన్నీ వచ్చేస్తాయి. గిరీశం ఎలా బతుకుతున్నాడో, రామప్పంతులు పరువు ఖరీదెంతో, వాళ్లిద్దరి పగ ఎక్కడ పుట్టిందో ఎవరూ నోరు విప్పి చెప్పక్కర్లేకుండా తెలిసిపోతుంది. ఆ చీపురు దెబ్బని మధురవాణి అక్కడితో వదిలిపెట్టదు, తర్వాత పంతుల్ని దెప్పడానికి వాడుకుంటుంది. పెట్టిన ప్రతి పైసా తిరిగి రాబట్టుకునే రకం గురజాడ.

ఈ పొదుపు రంగస్థలానికి దగ్గరగా కూర్చుని రాసినందువల్ల వచ్చిందని నా నమ్మకం. 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వారు ఈ నాటకాన్ని మొదట ఆడారు. సంస్థానాధీశుడు ఆనందగజపతి అండ ఉంది. 1794 జులైలో మా పద్మనాభం మైదానంలో రెండో విజయరామరాజు కుంపినీ సేనల చేతిలో చనిపోయాక ఆ వంశానికి యుద్ధాలు చేసే ఓపిక తీరిపోయింది. తర్వాతివాళ్లు కాలేజీలకీ, సంగీతానికీ, నాటకాలకీ డబ్బు పెట్టారు. ఓడిపోయిన సంస్థానం నుంచి మనకి దక్కింది తక్కువేం కాదు.

ఆనందగజపతి ఇంకో పని కూడా చేయించాడు. విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్క వివాహాల జాబితా రాయించాడు. మూడేళ్లలో 1,034 తేలాయి. ఏడాది నిండిన పిల్లలు ముగ్గురు, వాళ్ల ధర 350 నుంచి 400 రూపాయలు. 1897 నాటి తొలి ముద్రణకి ఇంగ్లీషులో రాసిన పీఠికలో గురజాడ ఈ లెక్కలిచ్చాడు. అది చదివాక, లుబ్ధావధాన్లు పెళ్లి బేరం సీనులో నవ్వించడానికి ఎంత ఓర్పు కావాలో అర్థమవుతుంది. జాబితాని నాటకంలోకి రానివ్వలేదు. ఒక్క పిల్ల, ఒక్క ముసలి వరుడు, మధ్యలో బేరగాళ్లు, అంతవరకే తీసుకున్నాడు.

నాకు అన్నిటికంటే మించి ముచ్చటగా తోచేది ఆడవేషాల సంగతి. కరటకశాస్త్రి వృత్తి రీత్యా నాటకాల్లో విదూషకుడు. మేనకోడలు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకి కట్టబెట్టకుండా ఆపడానికి తన శిష్యుడు మహేశానికి ఆడవేషం కట్టి, తాను గుంటూరు శాస్త్రులై, ఆ పిల్లవాణ్ణే పెళ్లికూతురుగా అమ్ముతాడు. ఇప్పుడు 1892 నాటి వేదిక మీద దీన్ని ఊహించండి. ఆ కాలంలో కడప వైపు సురభి వారిలాంటి ఒకరిద్దరిని మినహాయిస్తే ఆడపాత్రలు మగవాళ్లే వేసేవారు. అంటే సుబ్బి అక్క బుచ్చమ్మ చీర కట్టిన మగవాడే, మహేశమూ చీర కట్టిన మగవాడే. మొదటి చీరని ప్రేక్షకుడు నిజమనుకోవాలి, రెండోదాన్ని మోసమనుకోవాలి. ఇద్దరూ ఒకే పెట్టెలోంచి తీసిన చీరలే కట్టుకుని ఉండవచ్చు. బుచ్చమ్మ వేషగాడు ఎక్కడా దొరక్కూడదు. మహేశం అక్కడక్కడా కావాలని దొరకాలి, అదీ లుబ్ధావధాన్లకి కాదు, ముందు వరసలో కూర్చున్నవాళ్లకి. నడకలో ఒక అడుగు పెద్దది పడాలి, సిగ్గుపడవలసిన చోట రెప్పపాటు ఆలస్యం కావాలి. నటుడికి నటన గురించే పరీక్ష పెట్టిన సీను ఇది. 1909 పాఠంలో గురజాడ పంతం ఇంకా పెంచాడు: చివర మధురవాణి మగవేషం కట్టి విశాఖపట్నంలో వకీలు సౌజన్యారావు పంతులు ఇంటికి వెళుతుంది. ఆ రోజుల లెక్కన, మగవాడు ఆడదై, ఆ ఆడది మళ్లీ మగవాడై రావాలి.

ఇవాళ ఆడపాత్రలు ఆడవాళ్లే వేస్తున్నారు గనక బుచ్చమ్మకి, మధురవాణికి మేలు జరిగింది, మహేశానికి మాత్రం కొంత నష్టం. పక్కన నిజమైన ఆడవాళ్లుంటే అతని గుట్టు తెర లేవగానే బయటపడిపోతుంది. ఆ పాత్రని ఒక అమ్మాయికిచ్చి, అబ్బాయిగా పరిచయం చేసి, తర్వాత పెళ్లికూతుర్ని చేస్తే పాత చిక్కుముడి మళ్లీ పడుతుంది. కాలేజీ జట్లు ప్రయత్నించి చూడవచ్చు.

మంచం తర్వాత లెక్కలోకి వచ్చే సామాను కంటె. మధురవాణి బంగారు కంటె రామప్పంతులు ద్వారా ఎరువుగా వెళ్లి దొంగ పెళ్లికూతురు మెడలో పడుతుంది. పెళ్లికూతురు మాయమయ్యేసరికి కంటె కూడా కనబడదు. మధురవాణి పట్టుదల ఒకటే, కంటె తెస్తేగాని గుమ్మం ఎక్కనివ్వదు. లోపల పేకాట నడుస్తుంటే పంతులు బయట తలుపు దగ్గర బతిమాలుకుంటాడు. అందరి మీదా ఎత్తులు వేసే మనిషి ఒక నగ కోసం వీధిన పడ్డాడు. ఆ తలుపుకి అటూ ఇటూ జరిగే మాటల్లో పంతులికి ఒక్కరు కూడా నీతి చెప్పరు. చెప్పి ఉంటే సీను చచ్చేది.

ఇంత బిగువుగా సీన్లు రాసినవాడు నాటకం మొత్తాన్ని మాత్రం చేతికందకుండా పెంచేశాడు. 1909 నాటి ఏడంకాలూ వరసగా ఆడితే తెల్లవారిపోతుంది. అందుకని కన్యాశుల్కం ఆడిన ప్రతి సమాజమూ ముందు కత్తెర పట్టుకోవలసి వచ్చింది. ఆ పనిలో ప్రసిద్ధులు విజయనగరంలో పెరిగిన అన్నదమ్ములు జె.వి. సోమయాజులు, జె.వి. రమణమూర్తి. 1953లో మొదలుపెట్టి దశాబ్దాల పాటు వందల ప్రదర్శనలిచ్చారు. రమణమూర్తి గిరీశం, సోమయాజులు రామప్పంతులు. శంకరాభరణం శంకరశాస్త్రిగా దేశమంతా దణ్ణం పెట్టిన మనిషి అప్పటికే ఏళ్ల తరబడి మంచం కింద దూరి చీపురు దెబ్బలు తిన్నవాడని తలుచుకుంటే నాకు భలే సంతోషంగా ఉంటుంది.

ఈ కత్తిరింపు తేలికైన పని కాదు. నాలుగు మాటలు ఎక్కువున్నాయని కంటె గొడవ తీసేస్తే పంతులు వీధిన పడడానికి కారణం ఉండదు. పూటకూళ్లమ్మని కుదిస్తే విజయనగరం వదిలిపోవలసినంత ఇబ్బంది గిరీశానికి ఏమొచ్చిందో తెలియదు. నన్నడిగితే కోత ఏడో అంకంలో పడాలి. సౌజన్యారావు పంతులు మంచివాడు, ఆ సంగతి ఆయనే మనకి చాలాసేపు తెలియజేస్తాడు. అక్కడ రచయిత చేతిలో బిగి సడలిందనే అనుకుంటాను. ఆ భాగాన్ని మధురవాణి ఒక్కర్తే ఒంటిచేత్తో లాక్కొస్తుంది.

నిడివి తగ్గించుకోవాలనుకునేవాళ్ల కన్ను సహజంగా సారా దుకాణం సీను మీద పడుతుంది. కథకి అది అంత అవసరం కాదు కదా అంటారు. నాకది ప్రాణం. హరిద్వారం కబుర్లు చెప్పే బైరాగి, ఆయన మహిమలు నమ్మిన హెడ్డు కనిష్టీబు, వీరేశ, మనవాళ్లయ్య, హవల్దారు, దుకాణదారు. చేతిలో సారా, నోట్లో వేదాంతం. శైవం, వైష్ణవం ఒకే ముంత దగ్గర కూర్చున్నాయి. ఒక్కొక్కరి మాట యాస ఒక్కొక్కటి. కళ్లు మూసుకుని విన్నా ఎవరు మాట్లాడుతున్నారో తెలిసిపోతుంది. తాగుబోతు మాటల్ని ఇంత శ్రద్ధగా వేరుచేసి రాసినవాళ్లు మనలో తక్కువ.

లండన్‌లో పబ్బు వెనక గదిలోనో మేడ మీదో చిన్న నాటకశాల నడిపే అలవాటుంది. ఇజ్లింగ్టన్ పేటలో కింగ్స్ హెడ్ అనే పబ్బులో 1970 నుంచి అలా ఆడారు. నటుడి చెమట ముందు వరసకి కనబడేంత దగ్గర గదులవి. వాళ్లు నాటకాన్ని సారా కొట్టుకి తీసుకెళితే మనవాడు సారా కొట్టునే నాటకంలోకి తెచ్చి పెట్టాడు. మన పరిషత్తులు కొత్త నాటికల కోసం ఏటా వెతుకుతూనే ఉన్నాయి. ఈ ఒక్క సీనూ విడిగా తీస్తే మంచి నాటిక అవుతుంది. విజయనగరం బొంకులదిబ్బ దగ్గర మొదలై విశాఖపట్నంలో ముగిసే నాటకానికి ఆ రెంటి నడుమ ఉన్న మా పద్మనాభంలో ఒక ముక్కయినా ఆడాలి కదా. కార్తీక అమావాస్య దీపోత్సవానికి కొండ మీద జనం ఉంటారు. మెట్ల దగ్గరే ఆడమని అనను, పద్మనాభస్వామి సన్నిధిలో సారా ముంత పెడితే ఊరు ఒప్పుకోదు. ఆ మర్నాడు బడి ఆవరణలో ఆడవచ్చు.

ఖర్చు కూడా తక్కువే. ఒక బల్ల, ముంతలు, లాంతరు. బైరాగికి గొంతున్నవాడు కావాలి. వీరేశ, మనవాళ్లయ్య వేషాలు ఊళ్లో నిజంగానే పోట్లాడుకునే ఇద్దరికిస్తే సగం రిహార్సలు తప్పుతుంది. హెడ్డు కనిష్టీబుకి మాత్రం అనుభవమున్న నటుణ్ణి పెట్టాలి. ఉద్యోగం, భక్తి, సారా మూడూ అతని మొహంలో ఒకేసారి కనబడాలి. తాగినట్టు తూలాడంటే ఆ పాత్ర పోయినట్టే. నిటారుగా కూర్చుని, మాట తడబడకుండా జాగ్రత్తపడుతూ తాగే మనిషి అతను.