మక్కు ఉండగా భయమెందుకు

తాడేపల్లి నుంచి బ్యారేజీ దాటి ఇబ్రహీంపట్నం మీదుగా వెళ్తే కొండపల్లి పాతిక కిలోమీటర్లకు మించదు. తాడేపల్లి పక్కనే ఉండవల్లి గుహలున్నాయి. అక్కడ కొండనే తొలిచారు. ఉలి జారి ఒక పెచ్చు ఎక్కువ లేచిపోతే దాన్ని తిరిగి పెట్టే దారి ఆ శిల్పికి లేదు. కొయ్యబొమ్మలు చేసే కొండపల్లి పనివాడికి ఉంది. ఖాళీ వేళల్లో కొయ్య చెక్కడం నేర్చుకోవాలని ఉందని ఎవరైనా అడిగితే, నేను మొదట కొండపల్లి బొమ్మనే చేతికివ్వడం అందుకే.

కొయ్యబొమ్మ అనగానే ఒకే దుంగలోంచి మొత్తం రూపం బయటికి రావాలనుకుంటాం. సంక్రాంతి బొమ్మల కొలువులో పెట్టిన అంబారీ ఏనుగును దగ్గరగా చూడండి. ఏనుగు వేరు, అంబారీ వేరు, మావటి వేరు. మనిషి బొమ్మలకు చేతులు కూడా విడిగా చెక్కి అతికించినవే. చిన్న చిన్న ముక్కలుగా చెక్కి, ఒక్కటిగా కలిపే పద్ధతి ఇది. ఒక ముక్క చెడితే ఆ ముక్కే మళ్లీ చేసుకుంటారు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇంతకన్నా ధైర్యమిచ్చే పద్ధతి నాకు తెలిసినంతలో లేదు.

వాళ్లు వాడేది తెల్లపొణికి. కొండపల్లి చుట్టూ ఉన్న కొండల్లో పెరిగే చెట్టు. చేతిలోకి తీసుకుంటే ఇంత తేలికా అనిపిస్తుంది. కోసిన కొయ్యను ఎండబెట్టి, సన్నని సెగ మీద కాచి, లోపలి తడి పోయాకే పనిలోకి తీసుకుంటారు. తడి ఉన్న కొయ్య కత్తికి హాయిగా లొంగుతుంది గానీ, ఆరేటప్పుడు పగుళ్లిస్తుంది. రంగులు వేశాక బొమ్మ పగిలితే చేసిన పనంతా పోయినట్టే.

ఇక మక్కు. చింతపిక్కల పిండిని రంపపు పొట్టుతో కలిపి చేసే ముద్ద ఇది. ముక్కలను అతికేదీ అదే, గుంటలు పూడ్చేదీ అదే. ఏనుగు చెవి వెనక సందు, మనిషి భుజం దగ్గర అతుకు, ఉలి లోతుగా దిగిన గాటు అన్నీ మక్కు కింద మాయమవుతాయి. అది ఆరాక ఆకురాయితో నునుపు చేసి, సున్నం పూత పూసి, ఆ తెలుపు మీద రంగులు వేస్తారు. వేసవి మధ్యాహ్నాలు అష్టాచెమ్మా ఆడుకుని పారేసే చింతపిక్కలు, కోతమిల్లులో ఊడ్చి పోసే పొట్టు ఆ పనివాళ్ల చేతిలో బొమ్మను నిలబెట్టే సరుకయ్యాయి. నన్నడిగితే కొండపల్లి గొప్పతనం రంగుల కన్నా ఈ ముద్దలోనే ఎక్కువగా ఉంది.

మొదలుపెట్టడానికి ఉలుల పెట్టె కొననక్కర్లేదు. పొట్టి బ్లేడు ఉన్న గట్టి కత్తి ఒకటి, చిన్న రంపం, ఆకురాయి, సానరాయి చాలు. కత్తి పదునుగా ఉండాలి. మొద్దుకత్తిని బలంగా నొక్కాల్సొస్తుంది, అలా నొక్కినప్పుడే అది జారి వేలు తెగుతుంది. పదును తెలుసుకోవడం తేలిక. మెత్తని కొయ్యను నారకు అడ్డంగా పల్చగా కోయండి. కోసిన చోటు నున్నగా మెరిస్తే పదునున్నట్టు, పీచు రేగితే సానరాయి దగ్గరికి వెళ్లాల్సిందే. కత్తి ఎప్పుడూ ఒంటికి దూరంగా నడవాలి. కొయ్యను పట్టుకున్న చేతి బొటనవేలితో కత్తి వెనకభాగాన్ని కొద్దికొద్దిగా నెడుతుంటే కోత మన అదుపులో ఉంటుంది.

తెల్లపొణికి కోసం అడవిలోకి వెళ్లి చెట్టు మీద కత్తి పెట్టొద్దు. బొమ్మలు చేసేవాళ్ల దగ్గరే ఒక ముక్క అడిగి కొనుక్కోండి. దొరక్కపోతే కోతమిల్లులో మిగిలే మామిడి ముక్కలున్నాయి. మన పల్నాడు, ప్రకాశం చేలగట్ల మీద కనిపించే తుమ్మ మాత్రం వద్దు. బండిచక్రానికి, నాగలికి వడ్రంగులు ఏరి కోరి తెచ్చుకున్న కొయ్య అది. దాని చేవ కొత్తవాడి కత్తిని దగ్గరికి రానివ్వదు.

మొదటి బొమ్మగా చిలుకను చెక్కండి. నాలుగంగుళాల పొడవు, రెండంగుళాల మందం ఉన్న ముక్క ఒంటికి సరిపోతుంది. రెక్కలు రెండు, తోక ఒకటి పల్చని చెక్కల్లోంచి విడిగా తీయండి. కాళ్ల జోలికి పోకుండా కొమ్మ మీద కూర్చోబెట్టండి. కొయ్యలో నార చిలుక తల నుంచి తోక వైపు పారాలి. నా మొదటి చిలుకను చెక్కేటప్పుడు ఇది తెలియక చెక్కను అడ్డంగా కోసుకున్నాను. మూడు సాయంత్రాలు కూర్చుని కళ్లు, మెడ తీర్చాక, ఆకురాయి చిన్నగా తగిలీ తగలగానే ముక్కు ఊడి ఒళ్లో పడింది. ఆ ముక్కు విరిగింది ఆ సాయంత్రం కాదు, రంపం పెట్టిన రోజే.

చెక్కుతుంటే ఒక దిక్కుకు కత్తి మెత్తగా సాగి, పెచ్చు చుట్ట తిరిగి లేస్తుంది. అటునుంచి ఇటు తిప్పితే అదే కత్తి నారలోకి దిగబడి కొయ్యను చీలుస్తుంది. చీలుతోందనిపిస్తే అక్కడే ఆగి ముక్కను తిప్పి పట్టుకోవాలి. చిలుక వీపు దగ్గర ఎత్తు నుంచి పల్లానికే చెక్కాలి. రెండు వైపుల నుంచీ దిగి మెడ ఒంపులో కలుసుకోవాలి. ఇది పుస్తకంలో చదివితే ఒక వాక్యం. చేతికి ఎక్కడానికి పది పదిహేను రోజులు పడుతుంది.

కొయ్యబొమ్మలకు పేరున్న మరో ఊరు ఏటికొప్పాక దారి వేరు. అక్కడ అంకుడు కర్రను తిరుగుడు యంత్రం మీద పట్టి, లక్క రంగులద్దుతారు. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో మన రాష్ట్ర శకటం మీద ఊరేగినవి ఆ బొమ్మలే. యంత్రం లేనిదే ఆ పని మొదలవదు. నెల్లూరు జిల్లా ఉదయగిరి కొయ్య గరిటెలు మాత్రం చిలుక తర్వాత తప్పక ప్రయత్నించదగినవి.  

కొండపల్లి పనివాళ్లు ఆర్యక్షత్రియులు. తమ పూర్వీకులు రాజస్థాన్ నుంచి వచ్చారని చెప్పుకుంటారు. ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపూ దక్కింది. కానీ తెల్లపొణికి చెట్లే తగ్గిపోతున్నాయి. కొండల్లో మొక్కలు నాటితే తప్ప ఈ పని ముందుకు సాగదన్నది అక్కడ పాతమాట. ఒక్క చిలుకను చెక్కి చూసినవాళ్లకు ఆ మాట వేరుగా వినిపిస్తుంది. అరచేతిలోని ముక్క ఏ చెట్టుదో అప్పటికి తెలిసి ఉంటుంది కాబట్టి.

నా చిలుకను పారేయలేదు. ముక్కుకు కొత్త ముక్క తీశాను, ఈసారి నార చూసుకుని. మక్కు పెట్టి కిటికీ గూట్లో ఉంచాను. అతుకు బాగా ఆరాక ఆకురాయి పట్టి, సున్నం పూయాలి.